ఏబదియైదవ ఎత్తు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములలో అరుగులమీద చదరంగమాడు పెద్దలును, పాఠశాల పోటీలకు పోవు పిల్లలును గలరు. వారి నిమిత్తము ఈ చిన్న పాఠము.

1. ఆరంభము. ఆట మొదట చేయవలసిన పనులు మూడు. బంటులతో నడిమి గళ్లను పట్టుకొనవలెను. గుఱ్ఱములను, శకటులను త్వరగా బయటికి తీయవలెను. రాజునకు కోట కట్టవలెను. మన పాత ఆటలో బంటు మొదట కూడ ఒక్క గడియే జరుగును. పోటీలలో మొదటిసారి రెండు గళ్లు జరుగవచ్చును.

2. దృష్టాంతము. 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ విజేత పదవికై పదునాలుగవ ఆట జరిగెను. చైనా దేశస్థుడు డింగ్ లిరెన్ తెల్లపావులతోను, చెన్నైలో పెరిగిన తెలుగు కుటుంబపు బిడ్డ దొమ్మరాజు గుకేశ్ నల్లపావులతోను ఆడిరి. అప్పటికి ఇరువురికిని 6½ చొప్పున సమానమే. డింగ్ మొదట గుఱ్ఱమును తీసెను. గుకేశ్ మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపెను. ఇరువురును కోట కట్టుకొనిరి. ఆరంభములో ఎవరును చెడలేదు.

3. అంతము. చివరకు ఇరువురికిని ఒక ఏనుగు, ఒక శకటు మిగిలెను. తెలుపునకు ఒక బంటు, నలుపునకు రెండు. అయినను తెలుపు ఆటను సమము చేసికొనగలిగి యుండెను. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును గుకేశ్ ఏనుగున కెదురుగా పెట్టెను. గుకేశ్ దానిని కొట్టెను; తెల్ల రాజు తిరిగి కొట్టెను. తెల్ల శకటు బల్ల మూలనున్నది. మూలనున్న శకటునకు దారి ఒక్కటే. ఆ దారిలో గుకేశ్ తన రాజు అండతో తన శకటును నిలిపెను. ఇక మార్పిడి తప్పదు. మిగిలినది రెండు బంటులపై ఒక బంటు. 58వ ఎత్తు పిమ్మట డింగ్ ఓటమి నొప్పుకొనెను. గుకేశ్ 18 ఏండ్లకే విజేతయయ్యెను; 1985లో కాస్పరోవ్ 22 ఏండ్లకు గెలిచియుండెను.

4. అభ్యాసము. తెలుపు: రాజు జి1, ఏనుగు ఎఫ్2, శకటు ఏ8, బంటు జి3. నలుపు: రాజు ఇ5, ఏనుగు బి2, శకటు ఇ6, బంటులు ఎఫ్5, జి4. ఇట్లు బల్లమీద నమర్చి, నలుపు వైపున ఆడిచూడుడి.

పావులు మార్చుకొనకముందు, “మార్చిన తరువాత బల్లమీద ఏమి మిగులును?” అని యడుగుడి. ఆరంభమును కంఠస్థము చేయవచ్చును. కాని అలసిన వేళ మెలకువగా నుండుటయే ఆటను నిలుపును.