న్యూరోసైన్స్ చదువుతానంటే ఏం చూడాలి?

ఇంటర్ చదివే పిల్ల ‘న్యూరోసైన్స్ చేస్తా’ అనగానే ఇంట్లో మొదట అడిగే మాట, ‘నరాల డాక్టరా?’ అని. ఈ సంగతి ముందే తేల్చుకోవడం మంచిది. మన దగ్గర న్యూరాలజిస్ట్ కావాలంటే సాధారణంగా ఎంబీబీఎస్, ఎండీ, ఆపైన డీఎం చేయాలి. న్యూరోసైన్స్ డిగ్రీతో వైద్యం చేసే అర్హత రాదు. అమెరికాలో ఈ డిగ్రీ చేసి మెడికల్ స్కూలుకు వెళ్లేవాళ్లున్నారు గానీ, ఆ సీటు వేరే పోటీ, ఆ ఫీజు వేరే భారం.

మరి ఇందులో ఏం నేర్పుతారు? డిగ్రీ ల్యాబుల్లో చేయించే ఒక ప్రయోగం చూడండి. బొద్దింక కాలికి రెండు సన్నని పిన్నులు గుచ్చి, తీగలను యాంప్లిఫయర్‌కు కలుపుతారు. కాలి మీది ముల్లులాంటి వెంట్రుకను పుల్లతో కదిపితే స్పీకర్లో చిటపట వినిపిస్తుంది. నరంలో పరుగెత్తే విద్యుత్ సంకేతం చప్పుడది. ఆ కాలు జీవశాస్త్రం, ఆ విద్యుత్తు భౌతికశాస్త్రం. చిటపటలను కంప్యూటర్లో లెక్కించాలంటే ప్రోగ్రామింగ్ రావాలి. గట్టిగా తాకినప్పుడు నిజంగానే ఎక్కువ వచ్చాయా, కాకతాళీయమా అని తేల్చాలంటే స్టాటిస్టిక్స్ కావాలి. మనిషి చూపు, జ్ఞాపకం, భయం దాకా వెళితే సైకాలజీ కూడా తోడవుతుంది.

మన పిల్లలకు చిక్కు ఇక్కడే. పదో తరగతి కాగానే ఎంపీసీయో బైపీసీయో తేల్చేస్తాం. ఈ చదువుకు రెండూ కావాలి. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద ప్రయోగాలు చేసి, సంకేతం ఎలా పుడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో సమీకరణాల్లో చూపించారు. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ అందుబాటులో లేకపోవడంతో హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని ఆ లెక్కలు తేల్చారు. 1963లో వాళ్లకు నోబెల్ వచ్చింది. కాబట్టి లెక్కలంటే పడక బైపీసీ తీసుకున్న అమ్మాయికి, బయాలజీ బట్టీ అని వదిలేసిన అబ్బాయికి ఈ మాట మెల్లగా చెప్పండి. భయపెట్టొద్దు. వదిలేసిన సబ్జెక్టును మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉందా అని మాత్రం అడగండి.

మన దేశంలో డిగ్రీ స్థాయిలో ఈ పేరుతో కోర్సులు తక్కువ. పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు. తిరుపతి ఐసర్‌లాంటి చోట బీఎస్-ఎంఎస్ చేస్తూ ఇటు మళ్లవచ్చు. ఐసర్ ప్రవేశ పరీక్షలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగింటి నుంచీ ప్రశ్నలుంటాయి. ఆ తర్వాతి చదువులకు, పరిశోధనకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరు ఐఐఎస్సీ, నిమ్హాన్స్, మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి.

విదేశానికి పంపేవాళ్లు ర్యాంకుల కన్నా ముందు సిలబస్ తెరవండి. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ తప్పనిసరా? డిగ్రీ పిల్లలను ల్యాబులోకి రానిస్తారా, లేక పీజీ వాళ్లకేనా? చివరి ఏడాది సొంత ప్రాజెక్టు ఉందా? అప్పు తీసుకునేముందు ఇంకొకటి ఆలోచించండి: పరిశోధనలో స్థిరపడాలంటే డిగ్రీ తర్వాత పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సి రావచ్చు. నాలుగేళ్లకే ఉద్యోగం కావాలంటే ప్రోగ్రామింగ్, డేటా పనులు గట్టిగా పట్టుబడాలి. ఇంటి ఆర్థిక పరిస్థితిని పిల్లల దగ్గర దాచకండి.

సీటు మాట ఎత్తకముందే ఒక పని చేయించండి. ఎన్‌పీటీఈఎల్‌లోనో, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లోనో ఉచితంగా దొరికే పాఠాలు నెలరోజులు వినమనండి. రాత్రి భోజనాల దగ్గర ‘ఇవాళేం విన్నావు, నాకూ చెప్పు’ అనండి. మెదడు గురించిన వింతలు చెప్పే ఉత్సాహం మొదటి వారం అందరికీ ఉంటుంది. నాలుగో వారం గ్రాఫులు, అయాన్లు, సమీకరణాలు వచ్చాక కూడా మీకు విసుగొచ్చేదాకా చెబుతూనే ఉంటే, ఇక ధైర్యంగా దరఖాస్తు పెట్టించండి.