మాట పడిపోయిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారా?

మా మామగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా ఒకేసారి పడిపోయాయి. స్పీచ్ థెరపిస్టు చూసేది వారానికి ఒకటి రెండు గంటలు. మిగతా రోజంతా ఆయన మాట్లాడాల్సింది మనతోనే కదా! ఆవిడ నేర్పినవీ, నేను వంటింట్లోంచే చేసి చూసినవీ చెప్తున్నా, రాసుకోండి.

1. ముందు టీవీ కట్టేసి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టండి. మిక్సీ తిరుగుతూ, కుక్కర్ కూతేస్తుంటే మనకే సగం వినపడదు, ఇక ఆయనకేం బుర్రకెక్కుతుంది?

2. చెవి మిషన్, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు పొద్దున్నే పెట్టేయండి. పళ్ళు లేక నలిగిన మాటని కూడా జబ్బు ఖాతాలో వేసి కంగారుపడే బాధ తప్పుతుంది.

3. "టిఫినేం చెయ్యమంటారు?" అంటే పాపం అలా చూస్తూ ఉండిపోతారు. "ఇడ్లీయా, ఉప్మానా?" అని రెండు గిన్నెలూ చూపించండి, వేలు పెట్టి చూపించినా చాలు, పది నిమిషాల పెనుగులాట అర నిమిషంలో తేలిపోతుంది.

4. ఒకసారికి ఒక్క ప్రశ్నే. స్నానం, మందులు, చుట్టాల ఫోనూ ఒకే ఊపిరిలో అడిగేస్తే దేనికీ జవాబు రాదు.

5. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, పెదవి కదపకండి. ఆయన లోపల మాట కోసం వెతుక్కుంటుంటారు. మధ్యలో మనం దూరితే వెతుకులాట మళ్ళీ మొదటికొస్తుంది.

6. పది దాటినా రాకపోతే మాట మొత్తం చెప్పేయకుండా మొదటి అక్షరం అందించండి. నేను "కా..." అని ఆగితే మా మామగారు "కాఫీ" అని పూర్తిచేస్తారు, అదీ రాని రోజు "పొద్దున్నే వేడివేడిగా ఒక కప్పు..." అని వాక్యం సగంలో వదిలేస్తాను, మిగతాది ఆయనే అందుకుంటారు.

7. "నీళ్ళు" అనలేని మనిషి ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తే ఆశ్చర్యపోకండి. వారాలు, తెలుగు నెలలు, రోజూ చదివిన స్తోత్రాలు, పాత పాటలు చాలామందికి వాటంతటవే వచ్చేస్తాయి. రోజు మొదలుపెట్టేటప్పుడు వాటితోనే నోరు తెరిపించండి, ధైర్యం వస్తుంది. తిట్లు కూడా ఇలాగే ఊడిపడతాయి సుమండీ! మా ఇంట్లో అన్నిటికన్నా ముందు తిరిగొచ్చినవి అవే. అవి కావాలని అన్నవి కావు, మనసులో పెట్టుకోకండి.

8. పాట బాగా వచ్చేవాళ్ళకైతే రాగం కట్టి పని మాటలు నేర్పొచ్చు. "మం-చి-నీ-ళ్ళు" అని సాగదీస్తూ, ఎడమ చేత్తో మంచం పట్టె మీద తాళం వేయించండి. ఇది అందరికీ పనిచెయ్యదు, మీ థెరపిస్టుని అడిగి మొదలుపెట్టండి.

9. "అవును" అనబోయి "కాదు" అనడం ఈ జబ్బులో మామూలే. రెండు అట్టముక్కల మీద పచ్చ టిక్కు, ఎర్ర ఇంటూ గీసి చేతికందేలా పెట్టండి. నోటి మాట ఒకటి, చూపించిన అట్ట ఒకటి అయితే మళ్ళీ అడిగి తేల్చుకోండి.

10. బొమ్మల చార్టులు కొనకండి, వాటిలో ఉండేది యాపిల్, ఏరోప్లేనే. రోజూ ఆయన ఏరోప్లేన్ అడుగుతారా ఏంటి? మీ ఇంటి చెంబు, బాత్రూం తలుపు, ఫ్యాను, మందుల డబ్బా, మనవలు, అన్నిటికీ ఫోన్‌లో ఫోటోలు తీసి ప్రింట్ వేయించి పాత ఆల్బంలో దూర్చేయండి.

11. మంచం పక్కన పలక, బలపం ఉంచండి. ఎడమ చేత్తో వంకరగా గీసినా నొప్పి ఎక్కడో తెలిసిపోతుంది.

12. సాధనకని గంటసేపు కూర్చోబెడితే అలిసిపోయి విసుక్కుంటారు. పది నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు చాలు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూరగాయల పేర్లు చెప్పించండి, సాధనా అవుతుంది, కూర పనీ తెముల్తుంది.

13. గట్టిగా అరవకండి, చంటిపిల్లల్లా ముద్దు చేయకండి. మాట పోయినంత మాత్రాన తెలివి పోలేదు; ఇంటి లెక్కలు ఆయన ముందు మాట్లాడితే ఆయన్నీ అడగండి.

14. నాలుక మీద వస, తేనె రాయమని చెప్పేవాళ్ళు బోలెడుమంది. లోపం నాలుకలో లేదు, మెదడులో ఉంది; ఆ డబ్బు థెరపీకి దాచుకోండి.

15. తాగేటప్పుడు, తినేటప్పుడు పొలమారుతుంటే ఆ సంగతీ స్పీచ్ థెరపిస్టుకే చెప్పండి, మింగడం చూసేదీ వాళ్ళే. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టండి. ముద్ద నోట్లో ఉండగా మాట్లాడించొద్దు, తిన్న వెంటనే పడుకోబెట్టొద్దు.

16. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, వస్తున్న మాట మళ్ళీ ముద్దయిపోయినా "పడుకుంటే సర్దుకుంటుందిలే" అనుకోకండి, 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి, లక్షణం మొదలైనప్పటి నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు, ఆస్పత్రిలో పరీక్షల టైమూ అందులోనే.

17. థెరపిస్టుని కుదుర్చుకునేటప్పుడు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ప్రైవేటు ఫీజులు భారమైతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, అది కేంద్ర ప్రభుత్వానిది.

18. మాట లోపం శాశ్వతంగా మిగిలిపోతే వికలాంగుల (సదరం) సర్టిఫికెట్‌కి పెట్టుకోండి. 2016 వికలాంగుల చట్టంలో మాట, భాష లోపం కూడా ఉంది. కాలూ చెయ్యీ పడిపోతేనే ఇస్తారనుకుని చాలామంది వదిలేసుకుంటున్నారు.

19. ఇంట్లో ఆయన మాట్లాడుతుండగా రెండు నిమిషాల వీడియో తీసి థెరపిస్టుకి చూపించండి. అక్కడికెళ్తే బెరుకుతో బిగుసుకుపోతారు. వీడియో ఉంటే ఫీజు కట్టిన టైములో సగం బతిమాలడంతోనే గడిచిపోదు.

20. బయటికి పంపేటప్పుడు జేబులో ఒక కార్డు పెట్టండి: "పక్షవాతం వల్ల నా మాట తడబడుతుంది. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది, కొంచెం ఆగండి" అని, కింద మీ ఫోన్ నంబరు. లేకపోతే ఆటోవాళ్ళు తాగొచ్చాడనుకుని ఎక్కించుకోరు. కార్డు ఎడమ జేబులోనే పెట్టండి, కుడిచెయ్యి రానివాళ్ళు తీసుకోవాలిగా!