పొల్లును సున్నయు దాటిపోవు కన్ను

పఠనభాగములు: లూకా 10:25-37, యోహాను 21:20-23, మత్తయి 5:17-19.

పాఠసారము: చదువునప్పుడు మెదడు చిన్న గురుతులను దాటివేయుట మానవ సహజము. దేవుని వాక్యమును చదువువాడు ఈ బలహీనతను ఎరిగి, నిదానముతోను వినయముతోను చదువవలెను.

ఉపోద్ఘాతము

మధ్య అండమాను ద్వీపపు తూర్పు తీరమున రంగత్ అను ఊరు కలదు. 1949 మొదలు తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులను ప్రభుత్వము అండమానులలో స్థిరపరచగా, ఈ ప్రాంతమున వారి గ్రామములు వెలసినవి. తమిళులును, ఛోటానాగపూర్‌ వారును, తెలుగువారును ఇచ్చట నివసించుచున్నారు. అండమానులకు వచ్చిన తెలుగువారిలో అనేకులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఓడనెక్కి వచ్చినవారు.

ఇట్టి ఊరిలో పెరుగు బిడ్డ కన్నులకు పలు లిపులు పరిచితములు. ప్రతి లిపిలోను మిక్కిలి చిన్న గురుతొకటి పెద్ద పని చేయుచున్నది. బెంగాలీ లిపిలో 'బ'కును 'ర'కును గల భేదము అడుగున ఉంచు చుక్క ఒక్కటే. హిందీ వ్రాయు దేవనాగరిలో 'బ'కును 'వ'కును గల భేదము లోపలి అడ్డుగీత. తమిళమున హల్లును తెలుపునది పైనుండు చుక్క. తెలుగున 'థ'కు నడుమ చుక్క కలదు, 'ధ'కు లేదు. ఆ చుక్క జారిపోయినయెడల 'అర్థము' కాస్తా 'అర్ధము'గా, అనగా సగముగా, మిగిలిపోవును! రంగత్ అను పేరు చివరను పొల్లు కలదు. అయినను ఆ పేరు చదువువారిలో ఆ పొల్లును ప్రత్యేకముగా చూచువారెందరు?

ప్రభువు ధర్మశాస్త్రపు స్థిరత్వమును గూర్చి బోధించినప్పుడు హెబ్రీ లిపిలోని అతి చిన్న అక్షరమును, అక్షరపు కొనను ఉదాహరించెను. తెలుగు బైబిలు అనువాదకులు ఆ రెంటికిని పొల్లు, సున్న అను మాటలను ఎన్నుకొనిరి (మత్తయి 5:18). మన కన్ను మొదట దాటిపోవు గురుతులు అవియే.

1. మెదడు చదువు విధము

కన్ను వరుసవెంబడి నీటి ప్రవాహమువలె సాగునని అనేకులు తలంతురు. అది నిజము కాదు. కన్ను చిన్న చిన్న గంతులు వేయును. ఒక్కొక్క గంతు తరువాత రమారమి పావు సెకను కాలము నిలుచును. గంతు వేయుచున్నప్పుడు అది దాదాపు ఏమియు చదువదు. నిలిచినప్పుడు సహితము చూపు నడిమి భాగమునబడు కొన్ని అక్షరములే స్పష్టముగా కనబడును. తక్కినదంతయు మసకయే. ఆ మసకను పూరించునది మెదడు. అది పూర్వపరిచయమునుబట్టి, వాక్యపు నడకనుబట్టి, ఇచ్చట ఈ మాటయే ఉండవలెనని ముందుగా ఊహించి, ఊహించినదానిని చూచినట్లే తలంచును.

1897లో వాల్టర్ పిల్స్‌బరీ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు, అక్షరములు లోపించిన మాటలను, మారిన మాటలను క్షణమాత్రము చూపి చదివించెను. చదివినవారు పెక్కుసారులు సరియైన మాటనే చూచితిమని చెప్పిరి. ఆంగ్లమున మిక్కిలి తరచుగా వచ్చు 'ది' అను చిన్న మాటలోని అక్షరమును పాఠకులు ఎక్కువగా దాటిపోవుదురని ఆలిస్ హీలీ 1976లో ప్రకటించిన ప్రయోగములు చూపినవి. మాట ఎంత పరిచితమో, దానిలోని అక్షరములు అంత అదృశ్యములు.

దీనిని కేవలము లోపమనరాదు. ఒక్కొక్క గీతను వేరువేరుగా పరీక్షింపవలసినయెడల ఒక అధ్యాయము చదువుటకు దినమంతయు చాలదు. అర్థము కొరకు త్వరపడు మెదడు సృష్టికర్త ఇచ్చిన వరమే. అయితే ఆ వరమునకు హద్దు కలదు. హద్దు ఎరుగనివాడు తన ఊహను చదివి, గ్రంథమును చదివితినని అనుకొనును.

2. తెలిసిన భాగమందే తప్పు దాగును

ఒక ప్రశ్న: ఒక్కొక్క జాతిలో ఎన్ని జంతువులను మోషే ఓడలో చేర్చెను?

రెండేసి యని వెంటనే తోచినయెడల చదువరి సిగ్గుపడనక్కరలేదు. 1981లో ఎరిక్సన్, మాట్సన్ అను ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇట్టి ప్రశ్ననే అడుగగా, ఎక్కువమంది అట్లే ఉత్తరమిచ్చిరి. ఓడ నిర్మించినవాడు నోవహు అని వారెరుగుదురు. ఎరిగియు మోషే పేరును దాటిపోయిరి. మోషేకు బదులు నేటి రాజకీయ నాయకుని పేరు పెట్టినయెడల ఎవరైనను పట్టుకొందురు. మోషేయు నోవహును పాత నిబంధన పురుషులే. ఇద్దరి చరిత్రలలోను గొప్ప జలములు కలవు. కనుక ఒకరి స్థానమున మరియొకరు నిలిచినను మెదడు అభ్యంతరము చెప్పలేదు. సత్యమునకు బహు దూరమైన తప్పు సులభముగా పట్టుబడును. సత్యమును పోలిన తప్పు లోనికి నడచివచ్చును.

పేరును సరిచేసిన తరువాత సహితము, రెండేసి అను ఉత్తరము సంపూర్ణము కాదు. ఆదికాండము 6:19 రెండేసి అని తెలుపగా, 7:2 పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున చేర్చవలెనని తెలుపుచున్నది. చిన్ననాటి పటములో జంటలు జంటలుగా నడచిన జంతువులు, వ్రాయబడిన వాక్యమును కప్పివేసినవి.

ఇట్టివి ఇంకను కలవు. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురని క్రిస్మసు నాటకములన్నియు చూపును. మత్తయి వారి సంఖ్యను చెప్పలేదు, మూడు కానుకలను మాత్రమే పేర్కొనెను. వారు పశువుల తొట్టియొద్దకు గాక ఒక యింటిలోనికి వచ్చిరని మత్తయి 2:11 చెప్పుచున్నది. ఏదెనులోని ఫలము ఆపిల్ అని ఆదికాండము ఎక్కడను చెప్పలేదు. ధనమే సమస్త కీడులకు మూలమని పలుకువారు కలరు. 1 తిమోతి 6:10లో పౌలు నిందించినది ధనమును కాదు, ధనాపేక్షను. ఒక్క మాట విడిచిపెట్టుటచేత, కష్టపడి న్యాయముగా సంపాదించినవాడు దోషియగును. చేతిలో కాసు లేకయే దానికై తపించువాడు నిర్దోషిగా తప్పించుకొనును.

3. చిన్న మాట పోయినచో కలుగు హాని

అండమానుల ఉప్పుటేర్లలో మొసళ్లు ఉన్నందున, నీటిలో దిగరాదని హెచ్చరించు పలకలను తీరములందు నిలిపియున్నారు. క్రొత్తగా వచ్చినవాడు పలకను చదివి ఆగును. ప్రతిదినము ఆ త్రోవను నడచువానికి పలక కనబడును గాని హెచ్చరిక కనబడదు. 'దిగవచ్చును' అను మాటకును 'దిగరాదు' అను మాటకును నడుమ ఉన్నది రెండు మూడు అక్షరములే. ఆ అక్షరముల నడుమ ఒక ప్రాణమున్నది. వైద్యుడు వ్రాసియిచ్చిన మందు చీటియు అట్టిదే. అర చెంచా అనుదానిని ఆరు చెంచాలని చదువుటకు ఒక దీర్ఘము, ఒక కొమ్ము చాలును.

1631లో లండనునందు రాజముద్రాపకులైన రాబర్టు బార్కర్, మార్టిన్ లూకాస్ అనువారు అచ్చువేసిన ఆంగ్ల బైబిలులో ఏడవ ఆజ్ఞనుండి 'నాట్' అను నిషేధపదము జారిపోయెను. వ్యభిచారమును నిషేధించిన ఆజ్ఞ దానిని విధించునదిగా మారెను! రాజు వారికి మూడువందల పౌనుల జరిమానా విధింపజేసెను. పది ఆజ్ఞలు దిద్దువారికి కంఠస్థమైయుండును. బహుశః కంఠస్థమగుటచేతనే వారి కన్ను దానిని దాటియుండవచ్చును. తెలుగున నిషేధము వేరు మాటగానైనను నిలువదు. 'చేయుము' అనుదానిలో ఒక్క 'క' చేరినయెడల 'చేయకుము' అగును. తెలుగు చదువరి మరింత మెలకువతో నుండవలెను.

అపొస్తలుల కాలమందే ఇట్టి పొరపాటు ఒకటి సంఘములో వ్యాపించెను. యోహాను సంగతి యేమని పేతురు అడుగగా, తాను వచ్చువరకు అతడు ఉండుట తనకిష్టమైనను అది నీకేమి యని ప్రభువు భావము. అయితే ఆ శిష్యుడు చావడను మాట సహోదరులలో ప్రచురమాయెను. వారు వాగ్దానమును విన్నట్లు తలంచిరి; షరతును వినలేదు. యోహాను తన సువార్త ముగింపులో ఆ వదంతిని తీసివేయుటకు ప్రభువు పలికినదానిని మరల వ్రాయవలసివచ్చెను (యోహాను 21:23). సవరింపబడనియెడల యోహాను మరణదినమున ఎందరి విశ్వాసము కదలియుండును! ప్రభువు మాట తప్పెనని వారనుకొనియుందురు. ఆయన ఆ మాట యిచ్చియుండలేదు. నేడును దేవుడు నెరవేర్చలేదని విలపించు కొందరు, ఆయన చేయని వాగ్దానమును పట్టుకొనియుండవచ్చును.

పొరపాటున విడుచుట ఒకటి, బుద్ధిపూర్వకముగా విడుచుట మరియొకటి. అపవాది ప్రభువునెదుట 91వ కీర్తనను ఎత్తినప్పుడు, మార్గములన్నిటిలో కాపాడుటను గూర్చిన మాటను విడిచిపెట్టెను (మత్తయి 4:6, కీర్తన 91:11). దేవుడు నియమించిన మార్గమున నడచువానికి కలుగు కాపుదలను, శిఖరమునుండి దుముకువాని సాహసమునకు అతడు తగిలింపజూచెను. వాక్యమును నిదానముగా ఎరిగినవాడే అట్టి లోపమును పట్టుకొనగలడు.

4. ప్రభువు చదివిన తీరు

ధర్మశాస్త్రోపదేశకుడొకడు నిత్యజీవమును గూర్చి అడుగగా, ప్రభువు రెండు ప్రశ్నలు వేసెను (లూకా 10:26). మొదటిది, వ్రాయబడినదేమియని, అది గ్రంథమును గూర్చినది. రెండవది, అతడు దానిని చదువు తీరును గూర్చినది. అది చదువరిని పరీక్షించునది. ఉపదేశకుడు తప్పులేకుండ అప్పగించెను. అయినను పొరుగువాడను మాట యొద్దకు వచ్చునప్పటికి అతని మనస్సు ఆగలేదు. తన జనులే పొరుగువారను పాత ఊహ అచ్చట నిలిచియుండెను. ఆ ఒక్క మాటను మరల చదివించుటకే ప్రభువు మంచి సమరయుని ఉపమానము చెప్పెను.

సద్దూకయ్యులకు పునరుత్థానమును రుజువుపరచినప్పుడు, పితరుల దేవుడనై యుంటినని గాక, ఉన్నానని దేవుడు పలికిన వర్తమానకాలముమీద ప్రభువు తన వాదమును నిలిపెను (మత్తయి 22:31-32). పౌలు అబ్రాహాము సంతానమును గూర్చి వ్రాయుచు, ఆ మాట ఏకవచనమే గాని బహువచనము కాదని చూపెను (గలతీ 3:16).

అయితే అక్షరమును పట్టుకొని భావమును విడుచుటయు అపాయకరమే. దోమను వడియగట్టి ఒంటెను మ్రింగువారిని ప్రభువు గద్దించెను (మత్తయి 23:24). చిన్న గురుతును చూచుట భావము కొరకే.

5. జాగ్రత్తతో చదువుటకు మార్గములు

(అ) బిగ్గరగా చదువుట. ఐతియొపీయుడు చదువుచుండగా ఫిలిప్పు వినెను (అపొ. కార్యములు 8:30). నోరు కన్నంత వేగముగా పరుగెత్తలేదు. అయితే ఇది ఒక్కటే చాలదు.

(ఆ) చేతితో వ్రాయుట. ఇశ్రాయేలు రాజు ధర్మశాస్త్రపు ప్రతిని తనకై వ్రాసికొని, దినదినము చదువవలసియుండెను (ద్వితీయోపదేశకాండము 17:18-19). వ్రాయు చేయి ప్రతి పొల్లు నొద్దను ఆగవలెను.

(ఇ) లెక్కించుట. హెబ్రీ లేఖనములను భద్రపరచిన మసోరా లేఖికులు వచనముల లెక్కను వ్రాసియుంచిరి. చదువరియు ఒక భాగములో ఎన్ని ఆజ్ఞలు, ఎన్ని వాగ్దానములు, ఎన్ని షరతులు కలవో లెక్కించుట మేలు. 'అయితే', 'గనుక', 'యెడల', 'గాని' అను మాటలక్రింద గీత గీయవచ్చును.

(ఈ) మరియొక భాషలో చదువుట. రంగత్ వంటి ఊరిలో తెలుగు కుటుంబమునకు ఇది సులభము. తెలుగున నోటికి వచ్చిన భాగమును హిందీలోనో బెంగాలీలోనో చదువునప్పుడు, పరిచయపు వేగము తగ్గి, ఇంతవరకు చూడని మాట కనబడును.

(ఉ) కలిసి చదువుట. అచ్చుకూటములలో ఒకడు మూలప్రతిని చదువగా మరియొకడు అచ్చుప్రతిని దిద్దు వాడుక కలదు. తాను వ్రాసినదానిలోని తప్పు తనకు కనబడదు, ఏలయనగా తాను వ్రాయదలచినదే తనకు కనబడును. తన నడతను గూర్చియు ఇట్లే జరుగును. తన దోషములను తాను కనుగొనజాలనని దావీదు ఒప్పుకొనెను (కీర్తన 19:12). కనుక సహోదరుని గద్దింపు శత్రుత్వము కాదు, దిద్దుబాటు.

ముగింపు

చిన్న తప్పు చేసినవానిని అజ్ఞానియని తృణీకరింపరాదు. బాగుగా చదువనేర్చినవాని కన్నే వేగముగా దాటును. అట్లని నిర్లక్ష్యమునకు ఇది సాకు కాదు. ఎజ్రా దినములలో లేవీయులు గ్రంథమును స్పష్టముగా చదివి, భావమును తెలియజెప్పగా, జనులు గ్రహించి మొదట ఏడ్చిరి, తరువాత సంతోషించిరి (నెహెమ్యా 8:8-12). అంతవరకు వారు ఎరుగని గ్రంథము కాదది. ఆ దినమున దానిని నిదానముగా వినిరి.

ధ్యానమునకు ప్రశ్నలు

1. కంఠస్థమైన ఒక కీర్తనను ఎన్నుకొని, చూడకుండ వ్రాసి, గ్రంథముతో పోల్చవలెను. ఏ మాటలు జారిపోయినవి? ఏవి చేరినవి?

2. ఆదికాండము 2:16-17ను 3:1-3తో పోల్చినయెడల, సర్పము దేనిని మార్చెను? స్త్రీ దేనిని చేర్చెను?

3. నెరవేరలేదని తలంచుచున్న వాగ్దానమేదైనను కలదా? ఆ వచనమున షరతు ఉన్నదా? అది ఎవరికి ఇయ్యబడినది?

4. తన కన్నులకు కనబడని తప్పును ప్రేమతో చూపగల సహోదరుడు ఎవరు? అతని మాట వినుటకు అడ్డమేమి?