విదేశమున విద్యార్థి జీవనము - మితవ్యయము

విద్యార్జనకై దేశాంతరమేగుట మనవారికి క్రొత్త గాదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికాకు వెళ్లి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరినపుడు, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసి దినములు గడుపుకొనిరి. అంతకు పూర్వము లండనులో న్యాయశాస్త్రము చదివిన గాంధీమహాత్ముడు ఒక్క గదిలో వసించి, ఉదయాహారము స్వయముగా వండుకొని, కాలినడకన తిరుగుచు, ప్రతి కాసునకును లెక్క వ్రాసికొనెను. వారికి చాలినంత ధనము లేకపోయెను గాని, ఉన్న ధనము ఎటు పోవుచున్నదో తెలిసియుండెను.

నేడు తక్కువ వ్యయముతో ఉన్నతవిద్య దొరకు దేశముగా జర్మనీ పేరు మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. ఇల్లు కుదువబెట్టి పంపిన సొమ్ము ఆరునెలలలో హరించిపోయినచో బిడ్డ చదువు నడుమ నిలిచిపోవును. అప్పు మాత్రము మిగులును. కావున తలిదండ్రులు ముందుగా ఎరుగవలసిన సంగతులను ఇచట పొందుపరచుచున్నాము.

1. విద్యారుసుము

జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో సామాన్యముగా బోధనరుసుము లేదు. ప్రతి అర్ధసంవత్సరమునకును కొన్ని వందల యూరోలకు మించని చందా మాత్రము చెల్లింపవలెను. పెక్కుచోట్ల ఆ ఊరి బస్సులకును రైళ్లకును టిక్కెట్టు అందులోనే చేరియుండును. అయితే దీనికి మినహాయింపులు గలవు. బాడెన్-వుర్టెంబెర్గు రాష్ట్రము 2017 నుండి మనవంటి విదేశీయుల యొద్ద అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు తీసికొనుచున్నది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయము 2024 శీతకాలము మొదలుకొని క్రొత్తగా చేరువారికి 2,000 మొదలు 6,000 యూరోల వరకు రుసుము విధించినది. ప్రైవేటు కళాశాలల సంగతి వేరు. అవి వేల యూరోలు అడుగును. "జర్మనీలో చదువు ఉచితము" అని చెప్పి ప్రైవేటు కళాశాలలో చేర్పించు దళారులు గలరు. కళాశాల ప్రభుత్వముదా, ప్రైవేటుదా అన్నదే తలిదండ్రులు వేయవలసిన మొదటి ప్రశ్న.

2. బ్లాక్డ్ అకౌంటు

వీసా పొందుటకు ఒక సంవత్సరపు జీవనవ్యయమును ముందుగా ఒక ఖాతాలో నిలువ చేయవలెను. 2024 సెప్టెంబరులో నిర్ణయించిన మొత్తము 11,904 యూరోలు. ఇది రుసుము గాదు, మన సొమ్మే. విద్యార్థికి నెలకు 992 యూరోల చొప్పున తిరిగి వచ్చును. ఈ మొత్తము మారుచుండును గనుక దరఖాస్తు చేయునాటి అంకెను రాయబార కార్యాలయపు ప్రకటనలో చూచుకొనవలెను. ఈ 992 యూరోలలోనే అద్దె, ఆహారము, ఆరోగ్యబీమా అన్నియు ఇమడవలెను. బీమా తప్పనిసరి, దానికే నెలకు 100 యూరోలకు పైగా పోవును.

3. వసతి

విద్యార్థి వ్యయములో అద్దెదే పెద్దభాగము. మ్యూనిక్ వంటి మహానగరమున గది దొరకుటయే దుర్లభము. లైప్‌జిగ్, కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్ వంటి తూర్పు పట్టణములలో అద్దెలు చాల తక్కువ. కావున విశ్వవిద్యాలయమును ఎన్నుకొనునపుడే ఊరిని గూడ ఎన్నుకొనవలెను. 'స్టూడియెరెండెన్‌వెర్క్' అను విద్యార్థిసేవాసంస్థ నడపు వసతిగృహములు చౌక; కాని నిరీక్షించువారి పట్టిక పొడవైనది. ప్రవేశము లభించిన నాడే దరఖాస్తు పెట్టవలెను. 'కాల్ట్‌మీటె' అనగా వట్టి గది అద్దె. 'వార్మ్‌మీటె' అనగా వేడిమి మొదలగు ఖర్చులు కలిసిన అద్దె. ఈ భేదమెరుగక మోసపోవువారు కలరు. బయానా మూడు నెలల వట్టి అద్దెను మించరాదని అచటి చట్టము. గది చూడక, ఒప్పందము లేక, ముందుగా డబ్బు పంపుట ఎన్నడును తగదు.

4. ఆహారము

విశ్వవిద్యాలయ భోజనశాలయగు 'మెన్సా'లో విద్యార్థులకు తగ్గింపు ధరకు భోజనము దొరకును. అయినను వంట నేర్చినవానికే నిజమైన పొదుపు. బియ్యము, పప్పులు ఆసియా దుకాణములలో దొరకును. ఆదివారము దుకాణములు మూసియుండును గనుక శనివారమే సరకులు తెచ్చుకొనవలెను. కొళాయి నీరు త్రాగదగినది. సీసా నీరు కొననక్కరలేదు. కావున ప్రయాణమునకు ముందు ఆరునెలలు మన వంటింటిలో కొడుకుకును కూతురుకును సమానముగా వంట నేర్పుడు.

5. సంపాదన

2024 మార్చి నుండి విదేశీ విద్యార్థి సంవత్సరమునకు 140 పూర్తి దినములు గాని 280 అరదినములు గాని పని చేయవచ్చును. కాని మొదటి సంవత్సరపు లెక్కను ఈ సంపాదనపై కట్టరాదు. భాష రానివానికి పని దొరకుట ఆలస్యమగును. ఈ విషయమున మన పిల్లలకు ఒక మేలు గలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో, బడిలో ఆంగ్లము నేర్చిన బిడ్డకు మరియొక భాష భయము గొల్పదు. ఇచట ఉండగానే జర్మను భాష నేర్చినచో గది, పని, స్నేహము మూడును సులభమగును.

6. తలిదండ్రుల కర్తవ్యము

నెలకొకసారి బిడ్డతో కలిసి లెక్క చూడుడు. కాని లెక్క అడుగుట నిందించుటగా మారరాదు. నింద భయమున పిల్లలు పస్తులుండియు "బాగున్నాను" అని చెప్పుదురు. కష్టము వచ్చినపుడు దాచక చెప్పుటకు చనువిచ్చుడు. ప్రతి విశ్వవిద్యాలయమునను విదేశీ విద్యార్థులకు సలహా చెప్పు కార్యాలయము గలదని వారికి జ్ఞాపకము చేయుడు. మితవ్యయమనగా కడుపు మాడ్చుకొనుట గాదు. అవసరమునకును ఆడంబరమునకును గల భేదమెరిగి బ్రదుకుట. ఆ భేదమును బిడ్డ మన ఇంటనే నేర్చుకొనవలెను.