పతకం దగ్గరగా ఉన్నప్పుడు

చి. మాధవికి,

దక్షిణాసియా క్రీడల జూడో జట్టులో, 48 కిలోల్లో నీకు చోటు దొరికిందని తెలిసి ఎంత సంతోషించానో! మీ ఇంట్లో అప్పుడే పతకం ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుంటున్నారట. అందుకే ఈ ఉత్తరం.

ఆ క్రీడల్లో డ్రా చిన్నది. ఉన్నవి ఏడు దేశాలు, అన్నీ అన్ని బరువుల్లో దిగవు. రెండు మూడు బౌట్లు గెలిస్తే బంగారమే. పతకం అంత దగ్గరగా ఉండటమే నాకు బెంగ. నీ బరువులోనే ఆడిన మణిపూర్ సుశీలా దేవి లిక్మాబంని చూడు. 2016లోనూ 2019లోనూ ఈ క్రీడల బంగారం ఆమెదే. అయినా టోక్యో ఒలింపిక్స్‌లో హంగరీ క్రీడాకారిణి చేతిలో మొదటి బౌట్‌లోనే ఓడింది. మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఫైనల్ దాకా వెళ్లి, గోల్డెన్ స్కోర్‌లో ఓడి రజతం తెచ్చింది. టోక్యో తర్వాత మళ్లీ మ్యాట్ ఎక్కి ఆమె పడ్డ శ్రమ నాకు ఆ రెండు బంగారాలకంటే గొప్పగా అనిపిస్తుంది. నువ్వు ఏ పతకం తెచ్చినా దాన్ని ఆ లెక్కలోనే చూసుకో.

పొరుగు దేశాల వాళ్లని తక్కువగా చూడకు. పాకిస్తాన్ జూడో ఆటగాడు షా హుస్సేన్ షా 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో రజతం, 2022లో కాంస్యం గెలిచాడు. ఆ దేశం అమ్మాయి ఎదురైతే చుట్టూ ఊరికే హడావుడి చేస్తారు. నువ్వు ఆమె పట్టు మీదే కన్ను వేసి ఉంచు.

పట్టు దగ్గర నీకో అలవాటుంది. కుడిచెయ్యి కాలర్ మీదికి వెళ్లేసరికి ఎడమచెయ్యి ఖాళీగా వేలాడుతుంది. ముందు ఆమె స్లీవ్‌ని మోచేతి దగ్గర బిగించు, ఆ తర్వాతే కాలర్. స్లీవ్ నీ గుప్పిట్లో ఉంటే ఆ చెయ్యి ఆమెకు పనికిరాదు, నీ ఉచిమాతాకి దారి దొరుకుతుంది. ఎడమచేతి వాటం అమ్మాయైతే నీ చెయ్యి ఆమె చేతికి లోపలివైపు నుంచే కాలర్ అందుకోవాలి. వాజా-ఆరి ఆధిక్యం వచ్చిందని వెనక్కి జరుగుతూ కాలం గడపకు. షిడోలు పడతాయి, మూడోదానితో బౌటే పోతుంది.

ఇక తూకం. బౌట్‌కి ముందురోజే తూస్తారు. 2016లో జూడో జరిగింది ఫిబ్రవరి చలిలో, షిల్లాంగ్‌లో. 2019లో నేపాల్, డిసెంబర్. అలాంటి చోట చెమట తొందరగా పట్టదు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని చివరి రోజు పరుగెత్తే పని పెట్టుకోకు, కోచ్‌తో మాట్లాడి నెల ముందు నుంచే మెల్లగా బరువు దించు. తూకం అయ్యాక ఆవురావురుమని తినకు. మర్నాడు పొద్దున కొందరిని పిలిచి మళ్లీ తూస్తారు, అసలు బరువు మీద ఐదు శాతం మించకూడదు. అంటే నీకు 50.4 కిలోలు. పారిస్‌లో వినేశ్ ఫోగాట్‌ని ఫైనల్‌కు దూరం చేసింది వంద గ్రాములే. అది కుస్తీ, నియమాలు వేరు, అయినా ఆ వంద గ్రాములు మనసులో పెట్టుకో.

తెల్ల జూడోగీ, నీలం జూడోగీ రెండూ ఇప్పుడే ఉతికి, ఆరాక తొడుక్కుని చూడు. కొత్త కాటన్ ముడుచుకుంటుంది. చేతులు ముందుకు చాపితే స్లీవ్ మణికట్టు దాకా రావాలి, లేకపోతే తనిఖీలో ఆపేస్తారు.

డ్రా చేతికి రాగానే ఫొటో తీసి పంపు. ఎదురెవరో చూసి రాత్రికి ఫోన్‌లో మాట్లాడుకుందాం.

నీ
సుమక్క