వండకముందే తీసిన పిడికెడు: క్రిస్మస్ కానుక, కొండల కొత్త పండుగ, మన హరిదాసు

ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలవుతుందని తెలుసు కదా. మన గుళ్లలో తెల్లవారుజామున తిరుప్పావై వినిపించే ఆ రోజుల్లోనే, అరకు, పాడేరు వైపు కొన్ని ఊళ్లలో ఇళ్ల ముందు క్రిస్మస్ నక్షత్రాలు వెలుగుతుంటాయి. నెల ఒకటే, చలి ఒకటే. చేతికి కొత్త పంట వచ్చే కాలం కూడా ఒకటే. అందుకే ఈ వారం పాఠానికి దానాన్ని తీసుకున్నాను. పొరుగువాళ్లు ఎలా ఇస్తారో ముందు చూద్దాం, తర్వాత మన శాస్త్రం దగ్గరికి వద్దాం.

క్రైస్తవుల ఇళ్లలో ఏం చేస్తారు?

సిటీలో క్రిస్మస్ అంటే మనకు కేకు, ఆఫీసులో సీక్రెట్ శాంటా గుర్తొస్తాయి. పల్లెల్లో తెలుగు క్రైస్తవుల పండుగ వేరేలా ఉంటుంది. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు వండుతారు. పక్కింటి హిందువులకు ఒక పళ్లెం వెళ్తుంది. సంక్రాంతికి ఆ పళ్లెం మన అరిసెలతో తిరిగి వస్తుంది. రాత్రిళ్లు క్యారల్స్ పాడుతూ వచ్చేవాళ్లకు టీ ఇచ్చి, తోచిన కానుక వేస్తారు. చాలాచోట్ల అందరూ కలిసి కూర్చుని తినే ప్రేమవిందు ఉంటుంది.

పల్లె చర్చిల్లో కానుక అంటే నోట్లే కానక్కర్లేదు. బియ్యం, గుమ్మడికాయ, కోడి, ఏది ఉంటే అది తెస్తారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు చర్చి పనులకు వాడతారు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది పిడికెడు బియ్యం. దీని కోసం కొండలు దిగి కాసేపు తెలంగాణలోని డోర్నకల్‌కి వెళ్లాలి. అక్కడ 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది దళిత వ్యవసాయ కూలీలు, పూట గడవడమే కష్టమైనవాళ్లు. "వీళ్లకు మనమే ఇవ్వాలి కానీ వీళ్లేం ఇస్తారు?" అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ ఇళ్లలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అలా పోగైన బియ్యం చర్చికి చేరేది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ పిడికెడు తీసేది వండకముందు. తిన్నాక మిగిలితే ఇద్దాం అనుకుంటే పేదింట్లో ఏ రోజూ మిగలదు. నిజానికి లక్ష జీతం వచ్చే ఇంట్లో కూడా మిగలదు, ఈఎంఐలు కట్టేవాళ్లకు బాగా తెలుసు!

కొండల్లో 'కొత్త'

ఇప్పుడు మళ్లీ కొండలెక్కుదాం. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో గిరిజనులు 'కొత్త' పండుగలు చేస్తారు. కొర్ర కొత్త, కంది కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని పంట పంటకీ ఒకటి ఉంటుంది. పంట చేతికొచ్చినా ముందు దేవతకు పెట్టాలి. ఆ పండుగ అయ్యేదాకా కొత్త పంట నోట పెట్టరు. చెట్టు నిండా మామిడికాయలున్నా సరే, కొత్త అయ్యేదాకా ఆగుతారు.

ఇది ఏ చర్చీ నేర్పింది కాదు, ఏ పీఠమూ నేర్పింది కాదు. నేల ఇచ్చినదాంట్లో మొదటి వాటా నాది కాదు అన్న ఎరుక, అంతే.

మన ఇంటి సంగతి

మరి మనకు ఇది లేదా? ఉంది. నెత్తిన అక్షయపాత్రతో హరిదాసు వీధిలోకి వస్తాడు. నోరు తెరిచి ఏమీ అడగడు, హరినామం పాడుకుంటూ నడుస్తాడు. ఇంట్లో పిల్లలు పరుగున వెళ్తే కాస్త వంగుతాడు. వాళ్లు పిడికెడు బియ్యం ఆ పాత్రలో పోస్తారు. ఇవ్వడం పిల్లల చేతికి అలవాటు చేసే పద్ధతి అది.

భగవద్గీత మూడో అధ్యాయం 13వ శ్లోకం భావం కూడా ఇదే. యజ్ఞంలో మిగిలింది తినేవారికి పాపం అంటదు, తన కోసమే వండుకునేవాడు తినేది పాపాన్నే. పంచ మహాయజ్ఞాల్లో అతిథికీ, మూగజీవాలకీ ముందు పెట్టి గృహస్థు తర్వాత తినాలనడం కూడా ఇందుకే. కంచి పరమాచార్య శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామివారు కూడా ప్రతి ఇల్లూ రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టాలని, దాన్ని వండి దేవుడికి నివేదించి పేదలకు పెట్టాలని ఒక పద్ధతి పెట్టారు. డోర్నకల్ కుండలో పడింది, కంచి స్వామివారు అడిగింది ఒకే పిడికెడు.

ఒక ఇబ్బందికరమైన ప్రశ్న

చదువుతున్నవారిలో కొందరికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. "సేవ పేరుతో మతం మార్చడం లేదా?" దీన్ని దాటేసి వెళ్లను. గీత 17వ అధ్యాయంలో 20 నుంచి 22 వరకు మూడు శ్లోకాలు దానాన్ని తూచడానికి ఒక త్రాసు ఇస్తాయి. తిరిగి ఏమీ చేయలేనివారికి, ఇవ్వడం నా ధర్మం అనుకుని, తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇస్తే సాత్వికం. ప్రతిఫలం కోరి ఇచ్చినా, మనసొప్పక ఇచ్చినా రాజసం. చోటూ వేళా చూడకుండా, అవమానిస్తూ ఇస్తే తామసం.

అంటే "ఇది తీసుకో, బదులుగా మా వైపు రా" అని ఎవరిచ్చినా అది రాజస దానమే. అయితే త్రాసు అందరికీ ఒకటే ఉండాలి. అరకుకు ఉత్తరాన, ఒడిశా రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో క్రైస్తవ ఆస్పత్రి మొదలుపెట్టారు. చుట్టుపక్కల కొండల నుంచి గిరిజనులు ఇప్పటికీ వైద్యానికి అక్కడికి వెళ్తారు. జ్వరంతో వచ్చిన బిడ్డకు వైద్యం అందిందంటే ఆ మేలును మేలుగానే లెక్కపెట్టాలి.

అదే త్రాసులో మనమూ కూర్చోవాలి. అరకు ట్రిప్‌లో కారు ఆపి పిల్లలకు చాక్లెట్లు పంచి, సెల్ఫీ తీసుకుని, రీల్ పెడతాం. మనం కోరిన ప్రతిఫలం లైకులు. చిరిగిన బట్టలు మూటకట్టి ఊరి చివర దించి వస్తాం. గీత ప్రకారం అది ఏ దానమో మీరే చెప్పండి. కొత్త పండుగ రోజు దేవతకు మొదటి గింజ పెట్టే ఇంటికి మనం పాత చొక్కా ఇస్తున్నాం!

ఈ నెలలో మనం చేయగలిగినవి

1. ముందే తీయండి. జీతం పడిన రోజే చిన్న మొత్తం వేరే ఖాతాలోకి ఆటో డెబిట్ పెట్టండి. మన కాలపు పిడికెడు అదే. వీలైతే వంటింట్లో నిజం డబ్బా కూడా పెట్టి, పిల్లల చేత వేయించండి.

2. అడిగి ఇవ్వండి. డిసెంబర్, జనవరిలో ఏజెన్సీలో చలి ఎముకలు కొరికేస్తుంది. ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరునో, ఆశా కార్యకర్తనో అడిగితే దుప్పట్లు కావాలో, చెప్పులు కావాలో చెబుతారు. కొత్తవే కొనండి.

3. రక్తం ఇవ్వండి. ఈ కొండల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏజెన్సీ నుంచి వైద్యం కోసం విశాఖ కేజీహెచ్‌కి వస్తుంటారు. మీ రక్తం ఎవరికి ఎక్కిందో మీకు తెలియదు, ఇచ్చిందెవరో వాళ్లకూ తెలియదు. ఇంతకు మించిన గుప్తదానం ఏముంటుంది?

4. సంతలో బేరం ఆడకండి. పసుపు, రాజ్మా, మిరియాలు అడిగిన ధరకే కొనండి. దాన్ని దానం ఖాతాలో మాత్రం రాసుకోవద్దు, అది వాళ్ల కష్టానికి కట్టే ధర.

5. పళ్లెం పంపండి. మీ అపార్ట్‌మెంట్‌లో క్రైస్తవ కుటుంబం ఉంటే ఈ 25న శుభాకాంక్షలు చెప్పండి. భోగినాడు మన పొంగలి ఒక గిన్నె పంపండి.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దలూ అంటారు, బైబిల్లో ఏసు కూడా ఇదే మాట చెప్పారు. రేపు కుక్కర్ పెట్టే ముందు ఒక పిడికెడు పక్కన పెట్టి చూడండి. మీ అన్నం తగ్గదు. కానీ ఆ పూట వంట మీ ఒక్కరి కోసం కాదని గుర్తుంటుంది.

శుభం భూయాత్!