లోతైన బంగారు గనుల్లో కొలువు: చంద్రపూర్ విద్యార్థుల ముందున్న మరో దారి

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గని కొలువంటే వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థలోనో, రాష్ట్ర సరిహద్దు అవతల సింగరేణిలోనో బొగ్గుబాయి పని అనే అభిప్రాయం బలంగా ఉంది. అయితే గట్టి రాతిలో కిలోమీటర్ల లోతుకు దిగే బంగారు గని పూర్తిగా వేరే విద్యను కోరుతుంది. మనదేశంలో ఆ విద్య ఎక్కువగా కోలార్‌లో పెరిగింది. తెలుగు, తమిళ కార్మికులు తరతరాలుగా పనిచేసిన అక్కడి చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు చేరింది. కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి.

ఇంత లోతైన గనిని ఇంకా విస్తరించాలంటే మొదటి అడ్డంకి వేడి. లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కడమే కాక, పైనుంచి పంపే గాలి కూడా తన బరువుకు తానే నొక్కుకుపోయి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత పనిచోట 33.5 డిగ్రీలు మించరాదనీ, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీచాలనీ మన గనుల నిబంధనలు చెబుతాయి. దక్షిణాఫ్రికాలో 4 కిలోమీటర్ల లోతుకు చేరువైన ఎంపోనెంగ్ గనికి పైనుంచి మంచుముద్దను పంపుతారు. కిలో మంచు కరుగుతూ పీల్చుకొనే వేడి, కిలో నీటిని దాదాపు 80 డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుంది. కిందికి పంపిన ప్రతి లీటరునూ మళ్లీ పైకి తోడిపోయాలి గనుక, తక్కువ నీటితో ఎక్కువ చల్లదనం ఇవ్వడమే ఇక్కడి ఇంజినీరు నేర్పు.

రాతి ఒత్తిడి అంతకంటె ప్రమాదకరం. మూడు కిలోమీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 800 కిలోల భారం ఉంటుంది. ఖనిజం తీసేసిన ఖాళీ చుట్టూ ఆ భారం గుమిగూడి, రాయి ఒక్కసారిగా పేలినట్టు విరిగిపడడాన్ని రాక్ బరస్ట్ అంటారు. కోలార్‌లో ఎందరి ప్రాణాలనో తీసిన ఈ విపత్తును ఎదుర్కోవడానికి గ్రానైట్ గోడలతోనూ, తర్వాత కాంక్రీటుతోనూ ఖాళీలను నింపారు. ఏ భాగాన్ని ముందు తవ్వాలో, దేన్ని వదలాలో నిర్ణయించడం ఒక శాస్త్రంగా ఎదిగింది. 1988లో జాతీయ రాతి యాంత్రిక శాస్త్ర సంస్థ కోలార్ బంగారు గనుల ప్రాంతంలోనే ఏర్పడింది. రాక్ మెకానిక్స్‌లో పట్టున్న యువతకు ఈ రంగంలో మంచి గౌరవం ఉంటుంది.

మూడో అడ్డంకి మనుషులనూ ఖనిజాన్నీ కిందికీ పైకీ చేరవేసే ఇనుప తాడు. రెండు కిలోమీటర్లు వేలాడే తాడు సొంత బరువే పది టన్నులు దాటగలదు కాబట్టి, ఒక్క షాఫ్ట్, అంటే నిలువు బావి, అడుగుదాకా దిగకుండా మధ్యలో మరో షాఫ్టు తవ్వి అంచెలంచెలుగా దిగుతారు. ఇది మెకానికల్, ఎలక్ట్రికల్ పట్టభద్రుల పని.

చదువు విషయానికొస్తే, చంద్రపూర్‌కు దగ్గరలో నాగ్‌పూర్ వీఎన్‌ఐటీలోనూ, తెలంగాణలో కొత్తగూడెంలోనూ మైనింగ్ ఇంజినీరింగు ఉంది. పట్టా ఒక్కటే చాలదు. ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే మేనేజర్ సర్టిఫికెట్ లేనిదే బాధ్యత గల పదవి రాదు. బొగ్గుకూ, లోహ గనులకూ ఆ సర్టిఫికెట్లు వేరువేరని చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. 2019లో కేంద్రం భూగర్భంలోని సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటివేళ మహిళలను అనుమతించింది గనుక అమ్మాయిలూ ఈ చదువును ఎంచుకోవచ్చు. లోహ గని అనుభవానికి దూరం పోనక్కరలేదు. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే మాయిల్ సంస్థకు భూగర్భ మాంగనీస్ గనులున్నాయి. డిగ్రీ మూడో ఏడాదిలోనే అక్కడ శిక్షణకు దరఖాస్తు చేసుకోవాలి.